ఊకెనే ఉరికేటోళ్లం

మా రోడ్డు మీద పెద్దవాళ్లు కారణం లేకుండా పరుగెత్తరు. బస్సు కదిలితే ఉరుకుతారు, మేక చేనులో పడితే ఉరుకుతారు, ఇంట్లో ఎవరికైనా గుండె పట్టేస్తే ఉరుకుతారు. అంతే. నెరిసిన మీసాలున్న మనిషి, అందులోనూ బడిపంతులు, పొద్దున్నే నిక్కరు తొడుక్కుని ఆయాసపడుతూ పోతున్నాడంటే ఎక్కడో కొంప మునిగినట్టే. వీపనగండ్ల మండలంలో ఒక ఊరి బడికి బదిలీ మీద వెళ్లిన కొత్తలో నాకీ సంగతి తెలియదు.

నేనుండేది వనపర్తిలో. తెల్లారకముందే సైకిలెక్కి బడికి చేరేవాడిని. సైకిలూ ఫోనూ ఆఫీసు గదిలో పెట్టి తాళం వేసి, ఊరి రోడ్డు మీదా కాలువ గట్టు మీదా పరుగు తీసి, తిరిగొచ్చి బడి బోరింగు కింద తల పెట్టి స్నానం చేసి, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేవాడిని. మొదటిరోజే ఒకాయన మోటారుసైకిలు ఆపాడు.

"యాడికి సార్ గట్ల ఉరుకుతున్నవ్? ఎవలకన్న ఏమన్న అయ్యిందా?"

"ఏమీ కాలేదు. ఊరికే."

"ఊకెనేనా?" అని నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎక్కు సార్, దింపుత."

వద్దన్నాను. తన బండి ఎక్కడం నాకు నామోషీ అనుకున్నాడేమో, ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. పత్తి ఏరడానికి ఆటోలో పోయే ఆడవాళ్లలో ఒక ముసలమ్మ తల బయట పెట్టి, "అయ్యో, బస్సు పోయిందా బిడ్డా" అని జాలిపడింది. టీ కొట్టు దగ్గర నాకు షుగరుందని తేల్చేశారు. ఈ వయసులో కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్నానని ఇంకొకాయన పందెం కాశాడట. నాకు కోపం కొంచెం ఎక్కువ. అడిగిందే అడుగుతుంటే పిల్లల మీద అరిచినట్టే అరుస్తాను. "ఏమీ కాలేదయ్యా, ఏమీ కాలేదు!" అని పరుగు ఆపకుండానే అరిచేవాడిని. ఆ అరుపు విని నిజంగానే ఏదో అయిందనుకుని ఇంకో ఇద్దరు బండ్లు ఆపేవాళ్లు.

ఈ బాధ నా ఒక్కడిదే కాదు. మేం ముగ్గురం. ఈత, సైకిలు, పరుగు మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్ పోటీ ఒకటి హైదరాబాదులో జరిగితే అక్కడ కలిశాం. పోటీ అయ్యాక గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నవాళ్ల మధ్య, "కాళ్లు గుంజుతున్నయ్, సచ్చిపోత" అన్న మాట వినబడి తల తిప్పి చూశాను. మన పాలమూరు మూలుగును ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు. ఆమెది నాగర్‌కర్నూలు. అక్కడొక దవాఖానలో నర్సు, నాకంటే పెద్దది, అక్క అని పిలవడం అప్పుడే మొదలైంది. మన దిక్కు నుంచే వచ్చిన మూడో మనిషి ఇంకా రాలేదని, ఆయనది గద్వాల అని ఆమే చెప్పింది. ఇద్దరం లేచి కూర్చుని ఆ గద్వాలాయన కోసం చూశాం.

ఆ గద్వాల అన్నకు బోరు మోటార్లకు వైండింగు చేసే దుకాణం ఉంది. బొజ్జ ఉండేది, భుజాలు కూడా ఉండేవి. ఆయన పరుగు ముగించేసరికి చివర్లో గాలి నింపి నిలబెట్టిన ముగింపు కమానును దించేశారు. ఇద్దరు కుర్రాళ్లు దాన్ని చుట్ట చుడుతున్నారు. ఆ చుట్ట పక్కనుంచి అన్న ఒక్కడే వచ్చాడు. మెడలో పతకం వేశారు, నీళ్ల సీసా ఇచ్చారు. ఫోను పట్టుకుని నిలబడిన కూతురు మాత్రం ఎక్కడ ఫోటో తియ్యాలో తెలియక నిలబడిపోయింది.

"పతకం ఏం జేసుకోవాలె తమ్మీ? నాకు గా కమాను కిందికెల్లి పోవాలె. వచ్చేసారి గది నిలబడి ఉండంగనే పోత. నా బిడ్డకు మాటిచ్చిన."

మేం ముగ్గురం స్నేహితులమైంది ఆ మాట మీదే అనుకుంటాను. ఆ చలికాలమంతా మా ముగ్గురికీ ఒకే పని: అన్నను కమాను కింది నుంచి పంపించడం.

పోటీలు లేని ఆ నెలలను మేం ఆఫ్‌సీజన్ అనేవాళ్లం. ఆ మాట విని మా ఆవిడ, "మీకు గూడ సీజన్ ఉంటదా, సీతాఫలకాయలకు ఉన్నట్టు?" అంది. చలికి ఈత మానేసి, సైకిలూ పరుగూ మాత్రం చేసేవాళ్లం. ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకుని, అయ్యాక ఫోనులో మాట రికార్డు చేసి పంపుకునేవాళ్లం. గొప్పలకు తక్కువేమీ ఉండేది కాదు గాని, చెప్పుకున్నదాంట్లో సగం జనం గురించే.

అక్క కష్టం మా కష్టం కంటే పెద్దది. నడివయసు ఆడమనిషి ట్రాక్ ప్యాంటు వేసుకుని నాగర్‌కర్నూలు శివారులో ఉరుకుతుంటే అడిగేవాళ్లు అడగ్గా, బండి నెమ్మది చేసి వెంట వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఆమె దానికొక ఉపాయం కనిపెట్టింది. చేతిలో ఖాళీ పాలక్యాను పట్టుకుని ఉరికేది. "పాలకు ఆలస్యమైందనుకుంటరు. ఒక్కడు గూడ అడుగుతలేడు. క్యాను బరువుకు నా ఎడమ భుజం గూడ గట్టివడ్డది" అని ఆమె పంపిన మాటలు విని నేను బడి వరండాలో ఒక్కడినే నవ్వాను.

అన్న గద్వాల నుంచి గట్టు అనే ఊరికి పోయే రోడ్డు మీద ఉరికేవాడు. అది కర్ణాటక దిక్కు పోయే రోడ్డు. కందిచేల మధ్య పొద్దున్నే అటునుంచి వచ్చేవాళ్లు బండి ఆపి "ఏనాయ్తు అణ్ణా?" అని అడిగేవాళ్లట. ఏమైందన్నా అని. ఆయనకు నాలాగా చిరాకు ఉండేది కాదు. ప్రతివాడి దగ్గరా ఆగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చుకుని, "ఏం కాలే. ఊకెనే ఉరుకుతున్న" అని చెప్పి, వాళ్ల ఊరేదో, బోరు పోస్తుందో లేదో అడిగి మరీ కదిలేవాడు. మోటారు కాలిపోయినవాళ్లు అక్కడికక్కడే బేరం కుదుర్చుకునేవాళ్లు కూడానట.

"అన్నా, గిట్ల ఆగుకుంట పోతే కమాను కాదు, దాన్ని మోసుకపోయే లారీ గూడ దొరకదు నీకు" అని నేను తిట్టేవాడిని.

"అడిగినోనికి జెప్పకుంట యెట్ల పోత తమ్మీ? పాపం, పరేషానై ఆగుతరు."

నా పద్ధతి వేరు. జనానికి అలవాటు చెయ్యాలి. రోజూ అదే రోడ్డు, అదే వేళ. పత్తి సీజను సగమయ్యేసరికి మా ఊళ్లో నన్ను అడగడం మానేశారు. "ఉరికే సారు" అని పేరు కూడా పడింది. మొహం తిప్పుకున్న మోటారుసైకిలాయన ఎదురైతే రెండు చేతులూ పైకెత్తి "సూపర్ సార్!" అని అరిచేవాడు. నేనూ రెండు చేతులెత్తేవాడిని. కూలి ఆటో నడిపేవాడితో అయితే ఒక ఆటే మొదలైంది. నా పక్కకొచ్చి ఆటో నెమ్మది చేసేవాడు. నేను ఆపమన్నట్టు చెయ్యి చాచి వెనకాల పడేవాడిని. అందుతానన్నప్పుడు వాడు రయ్యిమని పోనిచ్చేవాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లంతా "ఉరుకు సార్ ఉరుకు, కుక్కొస్తుంది!" అని కేకలు పెట్టేవాళ్లు. ముసలమ్మ కూడా బోసినోటితో నవ్వేది. నాకు భలే సంతోషంగా ఉండేది. ఆ అరకిలోమీటరు నేను ఎవరికంటే తక్కువ కాదన్నట్టు ఉరికేవాడిని.

"మా ఊళ్లో ఇప్పుడు నన్ను ఒక్కడు గూడ ఏమైందని అడగడు" అని గొప్పగా రికార్డు చేసి పంపాను. "నీ పని మంచిగుంది తమ్మీ" అన్నాడు అన్న. ఆ ఆటోను ఒకసారి తానూ చూడాలన్నాడు.

ఆదివారాలు కూడా నా పరుగు ఆ రోడ్డు మీదే. ఒక ఆదివారం అన్న గద్వాల నుంచి సైకిలు మీద బడికి వచ్చాడు. చలికి ముక్కు ఎర్రబడింది గాని మనిషి బాగా తగ్గాడు, పొట్ట లోపలికి పోయింది. బడి బోరింగు దగ్గర నీళ్లు తాగి, నన్ను పరుగు తియ్యమని, తను సైకిలు మీదే నా పక్కన వస్తానన్నాడు. నా వేగానికి నెమ్మదిగా తొక్కుతూ మాట్లాడుతూ ఉండాలని ఆయన ఆశ. నా ఫోను ఎప్పటిలాగే ఆఫీసు గదిలో ఉంది. జేబులో ఫోను ఎగిరెగిరి తగులుతుంటే నాకు పడదు. ఆయన ఫోను సైకిలు హ్యాండిలుకు ఉంది.

ఊరి రోడ్డు దాటి కాలువ గట్టు రోడ్డు ఎక్కాం. అక్కడ బండ్లు తిరగవు కాబట్టి కోతల తర్వాత వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున వరసగా రాళ్లు. కావలి మనిషి ఎవరూ లేరు, టీకి పోయి ఉంటాడు. అన్న ఈసారి పోటీకి తన కూతురు మాత్రమే కాదు, భార్య కూడా వస్తానందని చెబుతున్నాడు. చెబుతూ నా దిక్కు తిరిగాడు. ముందు చక్రం రాయెక్కింది, వెనక చక్రం వడ్ల మీద జారింది. పడ్డ చప్పుడు పెద్దగా కూడా రాలేదు. తల బాగానే ఉంది, హెల్మెట్ కాపాడింది. తుంటి రాయి మీద పడింది. ఫోను ఎగిరి కాలువ నీళ్లలో పడింది.

"సైకిల్‌కేమన్న అయ్యిందా?" అన్నాడు ముందు. తర్వాత కాలు కదిలించబోయి, నోరు తెరిచి, అరవడం కూడా చేతకాకుండా ఉండిపోయాడు. ఆయన కుడిపాదం పక్కకు వాలిపోయి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. సైకిలు చక్రం వంకర తిరిగిపోయింది, తొక్కుకుంటూ పోదామన్నా వీల్లేదు. అటూ ఇటూ గొంతు చించుకుని పిలిచాను. కాలువకు అవతల చేలల్లో కూడా మనిషి లేడు.

"పో తమ్మీ, ఉరుకు. నువ్ ఉరుకుతవ్ గద" అన్నాడు అన్న.

నేను ఉరికాను. ఏ పోటీలోనూ అలా ఉరకలేదు. గట్టు దిగి ఊరి రోడ్డెక్కేసరికి ఎదురుగా మోటారుసైకిలు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఆయనా రెండు చేతులూ ఎత్తాడు. "సూపర్ సార్!" అని నా పక్కనుంచి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి పిలిచాను. పిలిచానని అనుకున్నాను, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అన్ని నెలలుగా పెంచుకున్న ఊపిరి ఒక్క మాటకు సరిపోలేదు.

తర్వాత ఆటో వచ్చింది. ఆదివారమైనా పత్తికి సెలవుండదు. చెయ్యి చాచాను. వాడు నెమ్మది చేశాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆటో కడ్డీ పట్టుకోబోయాను. రయ్యిమని పోనిచ్చాడు.

"ఉరుకు సార్ ఉరుకు!"

"ఆపుండ్రి!" అని అరిచాను. "ఆపుండ్రమ్మా!" వాళ్ల నవ్వులో, ఇంజను మోతలో అది ఎవరికి వినబడుతుంది? ముసలమ్మ నాకు చెయ్యి ఊపింది. నేను ఆటో వెనకాల ఉరికాను, ఎంత ఉరికితే వాళ్లు అంత నవ్వారు. రోజూ నేను చేసే పనే అది. ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయాక రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చాను. ఊరు ఇంకా దూరం. వెనక గట్టు మీద అన్న ఒక్కడే ఉన్నాడు. ముందుకు పోవాలో, ఆయన దగ్గరికి పోవాలో తెలియలేదు. కాళ్లు మాత్రం ఊరి దిక్కు పోతూనే ఉన్నాయి.

ఎదురుగా గొర్రెల్ని ఎక్కించుకున్న వ్యాను ఒకటి వచ్చింది. దానికి అడ్డంగా నిలబడ్డాను. బ్రేకు వేసి, తిట్టడానికి తల బయట పెట్టిన డ్రైవరు నన్ను చూసి ఆగిపోయాడు. వాడు రాయచూరు వైపు మనిషి. నన్ను ఎన్నడూ చూసినవాడు కాదు.

"ఏనాయ్తు అణ్ణా?" అన్నాడు.

ఆ ప్రశ్న వినేసరికి వ్యాను తలుపు పట్టుకున్నాను. గట్టు దిక్కు చెయ్యి చూపించాను. వాడు మారు మాట్లాడకుండా నన్ను లోపలికి లాగి బండి తిప్పాడు.

వాడి ఫోనుతోనే అంబులెన్సుకు చేశాను. అది వచ్చేదాకా వాడు తన తువ్వాలు పట్టుకుని అన్న మొహం మీద ఎండ పడకుండా నిలబడ్డాడు. వ్యానులో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. అంబులెన్సులో అన్న నా మణికట్టు పట్టుకుని, "తమ్మీ, మల్ల ఉరుకొస్తదా?" అని అడిగాడు. వస్తుందని చెప్పాల్సింది. నేను ఇంకెంత దూరమని డ్రైవరును అడిగాను.

కర్నూలులో ఒక ఎముకల డాక్టరు ఆపరేషను చేశాడు. తుంటి కీలులోని ఎముక గుండు మెడ దగ్గర విరిగిందనీ, స్క్రూలు వేశాననీ, ఎముకకు రక్తం అందుతుందా లేదా అన్నది కొన్ని నెలలు పోతే గాని తెలియదనీ చెప్పాడు. నాగర్‌కర్నూలు అక్క డ్యూటీ నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చింది. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె ఫిల్మును కవరులో పెట్టి, "అన్నకు ఇడ్లి తెస్త" అని బయటికి పోయింది. నాకు అర్థమైంది.

ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదా అని డాక్టరును అడిగాను. "ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చెప్పలేం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఉన్నమాటే చెప్పాడు. ఆ మాట మీద నేను ఎవరితో పోట్లాడాలో తెలియక కారిడారులో అటూ ఇటూ నడిచాను.

ఆటో డ్రైవరు బడికి వచ్చాడు. తరగతి గది గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లల ముందు ఎందుకని బయటికి తీసుకుపోయాను.

"నువ్ చెయ్యి సాపినవ్ సార్. రోజు సాపినట్టె సాపినవ్. నాకేం తెలుస్తది?"

"నా మొహం చూడలేదా నువ్వు?"

"జూసిన సార్. నువ్ ఉరికేటప్పుడు నీ మొఖం రోజు గట్లనే ఉంటది."

చీటికిమాటికి కోపం తెచ్చుకునే నాకు అప్పుడు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. వాడు కళ్లు తుడుచుకుంటుంటే టీ తాగి పొమ్మన్నాను. తాగలేదు.

ఎండలు ముదిరాక అన్నకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక చచ్చిపోతోందన్నారు. గుండు మార్చాలి, మార్చినా నడవడం వరకే, ఉరకడం ఇక లేదు. కూతురు ఆ సంగతి నాకు ఫోనులో చెప్పింది. "నాన్నకు ఏం జెప్పకుండ్రి అంకుల్, నేనే జెప్త" అని, తర్వాత, "ఎట్ల జెప్పాలె?" అని నన్నే అడిగింది.

నేను మళ్లీ ఉరుకుతున్నాను. తన సంగతి తెలిసినా, నేను మానేస్తే అన్న ఊరుకోడు. "నువ్ ఉరికినప్పటి సప్పుడు పంపు తమ్మీ, వింట" అంటాడు. అందుకని ఇప్పుడు ఫోను చేతిలోనే పట్టుకుంటాను. అక్క కూడా పాలక్యానుతో ఉరుకుతూ రికార్డు చేసి పంపుతుంది, మూత గలగలమంటుంటుంది. అయితే మా ఊరి రోడ్డు మీద ఇప్పుడు నాకు పరుగు సాగదు. కనబడిన ప్రతివాడూ ఆగుతాడు. మోటారుసైకిలాయన చేతులెత్తడం మానేసి, బండి దిగి మరీ అడుగుతాడు. ఆటో రోజూ నా పక్కకొచ్చి పూర్తిగా ఆగుతుంది, నేను "ఏం కాలేదు" అన్నదాకా కదలదు. నలుగురికి చెప్పేసరికి ఒళ్లు చల్లబడిపోతుంది. ఒక్కరి మీద కూడా అరవలేదు నేను.

మొన్న పొద్దున కాలువ మలుపు దగ్గర ఉండగా అన్న రికార్డు చేసిన మాట ఫోనులో వచ్చింది. ఉరుకుతూనే చెవికి పెట్టుకున్నాను.

"తమ్మీ, కర్ర వట్టుకొని మా గద్వాలల గట్టు రోడ్డు దిక్కు జర దూరం నడుస్తున్న. అందరు జూస్తరు, ఎవ్వలు అడుగుతలేరు. కర్రను జూసి దూరంకెల్లి పోతరు. ఒక్కడన్న బండి ఆపి ఏనాయ్తు అంటె బాగుండు. ఏం కాలే, ఊకెనే ఉరుకుతున్న అని జెప్పబుద్దయితుంది."

నేను నిలబడిపోయాను. ఆటో వచ్చి పక్కన ఆగింది. ఇంజను కూడా ఆపేశాడు. ముసలమ్మ తల బయట పెట్టి, "ఏమైంది బిడ్డా?" అంది. ఏమీ కాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆటో అలాగే నిలబడి ఉంది.